తాళానికి చెవి ఎలా వచ్చింది?



ఇంట్లో ఉన్న పాత నిఘంటువును తూకానికి వేసేముందు దాని అంచులు ఒక్కసారి చూడండి. అచ్చయిన మాట ఎక్కడైనా దొరుకుతుంది. అంచున ఎవరో పెన్సిలుతో రాసిపెట్టింది మాత్రం ఆ ఒక్క ప్రతిలోనే ఉంటుంది. అది పోతే మరి దొరకదు.

బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. దాని తర్వాతి ముద్రణ ప్రతి ఒకటి, హోసూరు వైపు బడిపంతులు ఒకాయన వాడుకున్నది, నా చేతికి వచ్చింది. పేరున్న మొదటి పేజీ చిరిగిపోయింది. అంచుల నిండా మాత్రం సన్నటి అక్షరాలు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం విన్న మనిషని ఆ రాతలే చెబుతాయి.

పాలు దగ్గర హాలు, పులి దగ్గర హులి, పంది దగ్గర హంది అని కన్నడ మాటలు రాసుకున్నారాయన. ఇలాంటివి వినగానే మన ఊళ్ళలో వాదులాట మొదలవుతుంది. మనమే వారి దగ్గర తెచ్చుకున్నామని ఒకరు, వారే మన మాటను మార్చుకున్నారని ఇంకొకరు. రెండూ తప్పే. పాత కన్నడంలోనూ పకారమే ఉండేది, తర్వాత హకారమైంది. ఇవి అన్నదమ్ముల వాటాలు, చేబదుళ్ళు కావు. 1961లో బరో, ఎమెనో అనే పండితులు ద్రావిడ భాషల మాటలను పక్కపక్కన పేర్చి వ్యుత్పత్తి నిఘంటువు అచ్చువేశారు. సరిహద్దు ఊళ్ళలో ఆ పని మన చెవులు రోజూ చేస్తూనే ఉన్నాయి.

చెవి అన్నాను కదా, పంతులుగారి రాత ఎక్కువగా ఉన్నది ఆ మాట దగ్గరే. తమిళంలో సెవి, కన్నడంలో కివి. మొదటి కకారం మనకూ తమిళులకూ చకారమైంది. కాబట్టి చెవి అనుమానం లేకుండా మన మాటే. పేచీ అంతా తాళం చెవితో. తాళానికి చెవి ఎందుకుంటుంది?

తమిళులు తాళం తీసేదాన్ని సావి అంటారు. వారికి సెవి వేరు, సావి వేరు. షోలాపూరు, నాందేడు వైపు మరాఠీలో చావీ. బరంపురం ఒడియాలో చాబి. ఇన్ని ఇళ్ళలో ఒకే పోలికతో ఉందంటే అది బయటినుంచి వచ్చిన చుట్టమే. ఆనాటి పోర్చుగీసులో దాని పేరు చావె. 1498లో కాలికట్టు చేరి, 1510లో గోవా పట్టుకున్న ఆ పోర్చుగీసువారి వెంట అల్మారా, బాల్చీ, మేస్త్రీ వచ్చినట్టే ఇదీ వచ్చింది. అర్థం తెలియని చావి తెలుగువాడి నోట పడి, తెలిసిన చెవిగా కుదురుకుని ఉంటుందని పంతులుగారి ఊహ.

అయితే అదే పేజీ అడుగున, వేరే సిరాతో, ఎదురు మాట ఒకటి ఉంది. కన్నడంలో దీన్ని బీగద కై అంటారు. బీగం అంటే తాళం, కై అంటే చెయ్యి. బళ్ళారివారు తాళానికి చెయ్యి పెట్టగా లేనిది, మనం చెవి పెడితే తప్పేమిటి?

నా మొగ్గు చావి వైపే. మూడు పొరుగు భాషల సాక్ష్యం చిన్నది కాదు. కానీ తనతో తానే ఇలా పోట్లాడిన పాఠకుణ్ణి నేను నమ్ముతాను. ప్రతి మాటకూ ఒక సంస్కృత ధాతువు అంటగట్టి అంచులు నింపేవారినీ చూశాను. వారి ప్రతుల్లో ప్రశ్నార్థకం ఒక్కటీ కనిపించదు!

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశం వచ్చింది. దాని పొలిమేర ఆంధ్రప్రదేశ్. ఇవతలి మన ఊళ్ళలో నాగలి దగ్గర, మగ్గం దగ్గర పలికే మాటలు ఇంకా ముసలివారి నోళ్ళలోనే ఉన్నాయి. పుస్తకంలో లేవు గనక అవి తప్పు మాటలని మన పిల్లలు వదిలేస్తున్నారు. అవ్వ అన్న మాటను సరిదిద్దేముందు పక్కింటివారి భాషలో దాని పోలిక వెదకమనండి.

మీరూ రాయండి. ముందు మాట, అర్థం. ఏ ఊళ్ళో, ఎవరు, ఏ పని చేస్తూ అన్నారో. ఆ తర్వాత పొరుగు భాషలో ఏమంటారో. పుట్టుక గురించి మీ ఊహను చివర విడిగా, పక్కన ప్రశ్నార్థకంతో. పెన్సిలైతే మేలు. సిరా చెమ్మకు అలుక్కుపోతుంది.