సూర్యునికంటే ముందే బుక్కయిన సరుకు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం కాగానే నక్షత్రాలను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. రాశిఫలాలు చెప్పడం నాకు చేతకాదు. మెట్రిక్‌తో చదువు ముగించి, రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. కనుక మా ఆఫీసులో రోజూ వేసే ప్రశ్ననే ఇక్కడా వేస్తాను: ఈ సరుకు ఏ స్టేషనులో బుక్కయింది? సరుకనగా, మన దేహాలు తయారైన సరుకు.

ఇందాక మనం తిన్న పచ్చడిలో బెల్లపు తీపి, చింతపండు పులుపు, వేపపూవు చేదు, ఇవన్నీ కర్బనపు అణువులే. ఇటువంటివి ప్రాణులలో తప్ప పుట్టవని ఒకప్పుడు తలచేవారు. 1828లో వోలర్ అనే జర్మను పండితుడు ప్రయోగశాలలో యూరియా తయారుచేయడంతో ఆ నమ్మకం సడలింది.

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊళ్లో ఒక ఉల్క పడింది. దానిని పరీక్షించిన బృందానికి పెద్ద సిరిల్ పొన్నంపెరుమ. పుట్టింది శ్రీలంకలోని గాల్‌లో, 1948లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నది మన మద్రాసు విశ్వవిద్యాలయంలో. అదీ తత్త్వశాస్త్రంలో! ఆ రాతిలో అమినో ఆమ్లాలు, అనగా మాంసకృత్తులకు ఇటుకలవంటివి, ఉన్నవని 1970లో వారు ప్రకటించారు. ఎవరి చెమటచేయో తగిలి అంటినవేమో అని శంక రావచ్చు. ఈ ఆమ్లాలకు మన చేతులవలెనే కుడి, ఎడమ రూపాలు ఉన్నవి. భూమిమీది ప్రాణులు మాంసకృత్తులకు ఎడమరూపాన్నే వాడుకుంటవి. ఆ రాతిలోనో, రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నవి. కనుక అది మన చెమట కాదు.

మరి ఆ రాయి ఎక్కడిది? సుమారు 456 కోట్ల ఏండ్ల క్రిందట, సూర్యుడు పుట్టిన కొత్తలో, అతనిచుట్టూ వాయువూ ధూళీ కలసి ఒక పళ్లెంవలె తిరుగుతుండేవి. గ్రహాలు కట్టుకున్నది ఆ పళ్లెంలోనే. గ్రహాలలో కలియక మిగిలిన నూకలే ఇటువంటి ఉల్కలు.

మన పళ్లెం ఏనాడో ఖాళీ అయింది. కాని ఇప్పుడిప్పుడే పుట్టిన నక్షత్రాలచుట్టూ అటువంటివి ఎన్నో ఉన్నవి. చిలీ దేశపు అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, ఆల్మా అనే దూరదర్శిని ఉన్నది. దానికి 66 యాంటెన్నాలు. వాయురూపంలో గిరగిర తిరిగే అణువులలో చాలా రకాలు దేనికదిగా తనకే చెల్లిన రేడియో తరంగాలను విడుస్తవి. గొంతునుబట్టి మనిషిని పోల్చుకున్నట్లు అణువును పోల్చుకోవచ్చు. ఈ విధంగా ఎం.డబ్ల్యు.సి. 480 అనే నక్షత్రపు పళ్లెంలో మిథైల్ సయనైడును 2015లోను, టి.డబ్ల్యు. హైడ్రే పళ్లెంలో మిథనాలును 2016లోను పోల్చుకున్నారు.

ఇవి తయారయ్యే తీరు వినదగ్గది. పళ్లెం అంచులలో భరించరాని చలి. అక్కడ కార్బన్ మోనాక్సైడు ధూళిరేణువులమీద మంచై పేరుకుంటుంది. హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా వచ్చి దానిని అంటుకుంటే ముందు ఫార్మాల్డిహైడు, ఆపైన మిథనాలు. అతినీల కిరణాలు తగిలితే ఇంకా పెద్ద అణువులు. కాని మంచులో బిగుసుకున్నంతకాలం వాటి గొంతు మనకు వినపడదు. పేరిన నెయ్యికి వాసన తెలియదు. పొయ్యిమీద పెడితే వీధి చివరకు తెలుస్తుంది. మృగశిర, ఆరుద్ర ఉన్న ఒరైయన్ మండలంలో, సుమారు 1,300 కాంతిసంవత్సరాల దూరాన, వి. 883 అనే పసినక్షత్రం ఉన్నది. అది ఉన్నట్లుండి ప్రజ్వరిల్లి తన పళ్లెంలోని మంచును కరిగించింది. అసిటోను, అసిటాల్డిహైడు మొదలైనవి అక్కడ ఉన్నట్లు 2019లో తేలింది.

ఇక నా ప్రశ్నకు వస్తాను. పార్సెలుకు వే బిల్లు ఉన్నట్లు నీటికీ ఒకటి ఉన్నది. హైడ్రోజన్‌లో డ్యుటీరియం అనే బరువైన రకం ఒకటి. అతిశీతలమైన మేఘంలో తయారైన నీటిలో దాని పాలు హెచ్చు. నీరు పళ్లెంలో విడిపోయి మళ్లీ కొత్తగా కూడి ఉంటే ఆ పాలు తగ్గిపోవలసింది. అదే నక్షత్రం దగ్గర 2023లో కొలిచి చూస్తే, తగ్గలేదు. అనగా నక్షత్రం పుట్టకముందే, మేఘంలోనే బుక్కయిన నీరు సీలు చెడకుండా పళ్లెంలోకి వచ్చి చేరిందన్నమాట. కర్బనపు అణువులలో ఎంత పాత సరుకు, ఎంత పళ్లెంలోనే కట్టిన మూట అన్న తగవు మాత్రం పండితులలో ఇంకా తెగలేదు.

మనవారి పేరు ఒకటి చెప్పి విరమిస్తాను. 1895లో భీమవరంలో పుట్టి, ఈ పట్నంలోనే హిందూ హైస్కూలునుంచి మూడవసారికి మెట్రిక్ గట్టెక్కి (ఈ ముక్క నావంటివారికి ఎంతో ఊరట), ఇక్కడే వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎరుగనివారు ఈ సభలో ఉండరు. కండరాలకు బలమిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెల్లడించినవారిలో ఆయన ఒకరు. ఆ అణువులో ఒక ముఖ్యభాగం పేరు ఎడినిన్. బెన్ను అనే గ్రహశకలంనుంచి 2023లో అమెరికావారు 121 గ్రాముల మట్టి తెచ్చారు. అందులో ఎడినిన్, దానితోపాటు ప్రాణులు వాడే 20 అమినో ఆమ్లాలలో 14 ఉన్నవని 2025 జనవరిలో ప్రకటించారు. ప్రాణం మాత్రం లేదు. సరుకు దిగినంతమాత్రాన వంట అయినట్లు కాదు గదా! పత్రికలవారు ఈ తేడా మరచి శీర్షికలు పెడుతుంటే నాకు చిరాకు.

ఎడినిన్ గొంతు ఇంతవరకు ఏ నక్షత్రపు పళ్లెంనుంచీ వినపడలేదు. అణువు పెద్దదైనకొద్దీ గొంతు సన్నం. ఆల్మా చెవులకు మరింత పదును పెట్టే పని సాగుతున్నది.

భోజనాలకు వేళయింది. సెలవు.