మాటలల్లే యంత్రం - యజమాని బాధ్యత

పాతకాలపు ఉత్తరాలను జ్ఞప్తికి తెచ్చుకోండి. “ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు” అని కలం ఆపితే, “క్షేమమని తలుస్తాను” అని చదువరి తానే పూర్తిచేయగలడు. వారు నిజంగా క్షేమంగా ఉన్నారో లేదో అతనికి తెలియనక్కరలేదు. లోకంలోని వాడుక తెలిస్తే చాలును.

వ్యాపార సంస్థల పెద్దలు నేడు తరచుగా వింటున్న జనరేటివ్ ఏ.ఐ. అనే కృత్రిమ మేధ ఆధారపడినది ఇటువంటి ఊహపైననే. అపారమైన గ్రంథరాశిని చదివించి, ఒక మాట వెనుక ఏ మాట రాగల అవకాశం ఎంత ఉన్నదో గణించడం యంత్రానికి నేర్పుతారు. గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించిన ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే నిర్మాణం ఈ విద్యకు గొప్ప ఊపునిచ్చింది. 2022 నవంబరు 30న ఓపెన్ ఏ.ఐ. సంస్థ ‘చాట్ జీపీటీ’ని ప్రజల ముందుంచింది. ఇప్పుడు కొన్ని యంత్రాలకు పత్రాలను వెదికి చూచే ఏర్పాటు కూడా ఉన్నది. దానివల్ల పొరపాట్లు తగ్గగలవు గాని, పూర్తిగా తొలగిపోవు.

ఒక విమాన సంస్థపై న్యూయార్కులో నడచిన వ్యాజ్యంలో, న్యాయవాదులు చాట్ జీపీటీ అందించిన పూర్వపు తీర్పులను దాఖలు చేశారు. వాటిలో పలు తీర్పులు ఏ న్యాయస్థానమూ ఇవ్వనివి! వ్యాజ్యాల పేర్లు, భాష, ఫక్కి పైకి అసలు తీర్పుల వలెనే కనిపించినవి. ఇవి నిజమైనవేనా అని ఆ యంత్రాన్నే అడిగితే, అవునన్నది. 2023 జూన్‌లో న్యాయాధిపతి 5,000 డాలర్ల జరిమానా విధించారు. దానిని చెల్లించవలసిన వారు ఆ న్యాయవాదులూ, వారి సంస్థాను.

కనుక యజమాని తన పనులను రెండు తెగలుగా విభజించుకోవలె. ఉత్తరపు చిత్తుప్రతి, ప్రకటనకు నాలుగు విధాల పాఠం, చేతిలో ఉన్న నివేదికకు సంగ్రహం - వీటిని నిస్సంకోచంగా అప్పగించవచ్చు. తప్పు దొర్లితే పని తెలిసిన ఉద్యోగి పట్టుకోగలడు. ధర, గడువు, పన్ను, ఒప్పందపు షరతు మాత్రం మూలపత్రంతో సరిచూచిన పిదపనే బయటకు వెళ్లవలె. ఖాతాదారుల రహస్యాలు ఎక్కడ నిలువ ఉంటవో, దేనికి వినియోగపడతవో ఒప్పందంలో చూడనిదే వాటిని యంత్రానికి అందించరాదు.

యంత్రాన్ని తెచ్చుకొనే ముందే దాని వ్రాతను సరిచూచే మనిషిని నిర్ణయించుకోవలె. అతనికి ఆ పనికి తగిన తీరికా, జీతమూ ఇవ్వవలె. ఆ ఖర్చును కూడా కలుపుకొన్న తరువాతనే యంత్రం వల్ల మిగిలే లాభమెంతో తేలుతుంది.