ప్రైవేటు కేసు అంటే ఎవరి కేసు?

(టేక్మాల్‌లో దళితవాడల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మీద దాడి జరిగితే ముందుగాల పోలీసు స్టేషనుకు పోతం. దరఖాస్తు తీసుకోరు, తీసుకున్నా రాజీ పడమంటరు. ఎస్పీకి రిజిస్టర్ పోస్టు పంపితే ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు 'కోర్టుల ప్రైవేటు కేసు ఏసుకోండి' అని సలహా ఇస్తరు. ఈ సలహా లోపల ఏమున్నదో మనం తెలుసుకోవాలె.

మన ఫిర్యాదు చేరినప్పుడు మేజిస్ట్రేటు ముందు రెండు దారులుంటయి. ఒకటి, కేసు కట్టి దర్యాప్తు చెయ్యమని పోలీసులను ఆదేశించడం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 156(3). 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 175(3). రెండోది, ఫిర్యాదును తన దగ్గరే పెట్టుకొని మనల్ని, మన సాక్షులను ప్రమాణం మీద విచారించడం. ఇది పాత 200, కొత్త 223. ఏ దారి పట్టాలన్నది మేజిస్ట్రేటు విచక్షణ. చట్టం 'ఆదేశించవచ్చు' అన్నది గాని 'ఆదేశించాలె' అనలేదు.

ఆ ఒక్క మాట దగ్గరనే మన బతుకు తేలుతది. మొదటి దారిలో ఎఫ్.ఐ.ఆర్. అయితది. సాక్ష్యం సేకరించేది, కేసు నడిపేది సర్కారు. అట్రాసిటీ నిబంధనల ప్రకారం చాలా నేరాల్లో సహాయం తొలి విడత ఎఫ్.ఐ.ఆర్. తోనే రావాలె. రెండో దారిలో బరువంతా మన నెత్తి మీదనే. వకీలును మనమే పెట్టుకోవాలె. టేక్మాల్ నుంచి మెదక్ కోర్టుకు పోయి వస్తే ఒక దినం కూలి పోయినట్టే. సాక్షి చెప్పినోడు తెల్లారి పనికి పోవాల్సింది అదే పటేలు చేనుకు. నేరం సమాజం మీద జరిగిందంటరు, కేసు మాత్రం ప్రైవేటు!

కొత్త చట్టం ఇంకో మెలిక పెట్టింది. 175(3) కింద ఆదేశించే ముందు పోలీసు అధికారి చెప్పేది కూడా చూడాలె. 223 కింద కేసు స్వీకరించే ముందు నిందితుని మాట వినాలె. కానీ అట్రాసిటీ చట్టంలో 18ఎ ఉన్నది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ప్రాథమిక విచారణ అన్నది. ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో దళితులు ప్రాణాలిచ్చిన తర్వాత, ఎఫ్.ఐ.ఆర్.కు ఆ విచారణ అక్కరలేదని పార్లమెంటు అదే ఏడు చట్టం చేసింది. వెళ్లగొట్టిన విచారణ దొడ్డిదారిన మళ్లీ రావొద్దని కోర్టులో మనం గట్టిగ వాదించాలె.

విచక్షణ అంటే ఇష్టారాజ్యం కాదు. ఫిర్యాదు కొట్టేస్తే కారణం రాయాలె. పాత 203, కొత్త 226 అదే చెప్తయి. కారణం నిలవకపోతే పై కోర్టుకు పోవచ్చు. ప్రత్యేక కోర్టు నేరుగ కేసు స్వీకరించ కూడదని 2000లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. సవరణ అమలైన 2016 జనవరి 26 నుంచి ఆ తలుపు తెరుచుకున్నది.

అందుకే మేం చెప్పేది ఒక్కటే. స్టేషనులో ఇచ్చిన దరఖాస్తు నకలు, ఎస్పీకి పంపిన పోస్టు రసీదు, ప్రమాణపత్రం దగ్గర పెట్టుకోండి. తేది, జాగ, అన్న మాట, ఎవరిది ఏ కులం, ఎవరు చూసిన్రు, అన్నీ రాయండి. ముందుగాల పోలీసు దర్యాప్తుకే ఆదేశం అడగండి. ప్రైవేటు కేసు మన చివరి ఆయుధం. అది సర్కారు తప్పించుకునే సందు కావొద్దు.

జై భీమ్!