పొరుగు గడ్డ మీదుగా మన సరుకు



ఈనాడు నేను మీతో ముచ్చటించబోయేది ఎరువుల సంగతి కాదు, పురుగు మందుల సంగతీ కాదు. పండిన పంట ఊరు దాటి, పొరుగువారి గడ్డ మీదుగా పోవలసివస్తే మన చేతిలో ఏముండాలి, దారిలో ఆపినవారు ఏమడుగుతారు, ఎందుకడుగుతారు అన్నది నేటి విషయం. దేశాల మధ్య సుంకపు శాఖవారు పాటించే పద్ధతి తెలిస్తే మన లారీ సంగతి కూడా తేటపడుతుంది. అందుచేత రెండూ కలిపి చెబుతాను.

ముందుగా మన కాలువనే చూడండి. కణేకల్ మళ్ళకు వచ్చే నీరు హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టలో బయలుదేరుతుంది. ఎగువ కాలువ కర్ణాటక నేల మీద నూరు కిలోమీటర్లకు పైగా నడిచి, ఆ తరువాతనే మన సరిహద్దు తొక్కుతుంది. ఆ కాలువలో కర్ణాటక వాటా ఉంది, మన వాటా ఉంది. మన వాటా 32.5 టీఎంసీలని ట్రిబ్యునలు తీర్పు. ఆనకట్ట దగ్గర ఎంత వదిలారు, సరిహద్దుకు ఎంత చేరింది అని తుంగభద్ర బోర్డువారు కొలత వేసి రాసుకుంటారు. ఆ లెక్క లేకపోతే నీరు ఎక్కడ తగ్గిందో చెప్పేదెవరు? పొరుగు గడ్డ మీదుగా పోయే దేనికైనా ఇదే న్యాయం. బయలుదేరినచోట కొలత, చేరినచోట కొలత, నడుమ నమ్మకం.

మనకు ఈ సరిహద్దు అనాదిగా ఉన్నది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మన రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే. ఆనాడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మనం అనంతపురం జిల్లాలోకి వచ్చినాము. తాతలు ఎడ్లబండ్లు తోలిన దారి మారలేదు. దాని మీద ఒక గీత పడింది, అంతే. కాని గీత పడ్డాక లెక్క వచ్చింది.

ఇక దేశాల సంగతి. నేపాలుకు సముద్రం లేదు. దూరదేశాల నుండి వారు ఓడలో తెప్పించుకొనే సరుకు చాలామట్టుకు మన రేవులో దిగి, మన నేల మీదుగానే పోతుంది. చాలాకాలం కలకత్తా, హల్దియా రేవులే వారికి దిక్కు. 2016లో ఉభయ దేశాలు ఒప్పుకొన్న మీదట మన విశాఖపట్నం రేవు కూడా వారికి తెరుచుకుంది. అక్కడ దిగిన పెట్టెలు రైలెక్కి, బీహారులోని రక్సౌల్ దాటి, నేపాలులోని బీర్‌గంజ్ చేరుతాయి. వెయ్యి కిలోమీటర్లకు మించిన దారి.

ఆ సరుకు మీద మన ప్రభుత్వం దిగుమతి సుంకం వేయదు. అది మనకోసం వచ్చింది కాదు గదా! అయితే ఒక అనుమానం ఉంది. నేపాలుకని చెప్పి తెచ్చిన సరుకు నడిదారిలో దించి, ఇక్కడే అమ్ముకుంటే? సుంకం కట్టి తెచ్చినవాడు మునుగుతాడు, ఖజానాకు గండి పడుతుంది. ఈ మోసం జరగకుండా, నిజాయితీగా పోయేవాడికి అడ్డు లేకుండా ఉండడానికే పద్ధతి ఏర్పరచారు.

ఆ పద్ధతిలో మెట్లు నాలుగు. రేవులో దిగగానే సరుకు ఏమిటి, ఎంత, ఎవరిది, ఏ దారిన పోయి ఎక్కడ సరిహద్దు దాటుతుంది అని ఒక ప్రకటన పత్రం దాఖలు చేయాలి. ఇది మొదటి మెట్టు. పెట్టెకు సీలు వేసి, ఆ సీలు నంబరు పత్రంలో ఎక్కించడం రెండవది. ఇప్పుడు పెట్టె ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే ఎలక్ట్రానిక్ తాళాలు కూడా వేస్తున్నారు. సరుకు దారి తప్పితే సుంకం రాబట్టుకొనేందుకు పూచీ తీసుకోవడం మూడవది. సరిహద్దు దగ్గర అధికారి సీలు చెక్కుచెదరలేదని చూసి, దాటిపోయిందని రాయడం నాలుగవది. ఆ రాత రేవుకు తిరిగి చేరితేనే ఖాతా మూతపడుతుంది.

మన సరుకు కూడా ఇట్లా పరాయి దేశం మీదుగా పోయి మన దేశంలోకే వచ్చిన సందర్భం ఉంది. 2020 జూలైలో కలకత్తా నుండి ఓడలో ఇనుప కడ్డీలు, పప్పుధాన్యాలు బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగు రేవుకు పోయి, అక్కడి నుండి లారీల మీద త్రిపురలోని అగర్తలా చేరినాయి. పంపినవారూ మనవారే, అందుకొన్నవారూ మనవారే. అయినా నడిమి దేశంవారికి పత్రం చూపించక తప్పలేదు.

ఇది కాగితాల గొడవే గదా అని తేలికగా తీసుకోకండి. 1989 మార్చిలో భారత, నేపాలు దేశాల నడుమ ఒప్పందాల గడువు తీరిపోయి, సరిహద్దు దారులు చాలామట్టుకు మూతపడినాయి. ఆనాడు నేపాలు ఇండ్లలో కిరసనాయిలుకు కటకట పడినారు. దారి అనేది అంత విలువైనది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి, రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. ఆ తరువాత కొంతకాలానికి మన మండలంలో ఒక పెద్దాయన అరవై బస్తాల శెనక్కాయలు ఆదోని మార్కెట్టుకు తీసుకుపోవాలని నన్నడిగినాడు. లారీ బళ్ళారిది, ఆ దారినే పోతుంది. "గేట్లు ఎత్తేసినారు గదా, కాగితాలేమీ అక్కరలేదు" అన్నాను. తెలియకుండా చెప్పిన మాట.

రాత్రి దారిలో తనిఖీవారు ఆపినారు. సరుకు ఎక్కడికని అడిగితే డ్రైవరు బళ్ళారి అన్నాడు, పెద్దాయన ఆదోని అన్నాడు. తన పంటేనని చూపడానికి చేతిలో చిన్న చీటీ కూడా లేదు. రైతు పేరు చెప్పి వ్యాపారి సరుకు దాటిస్తున్నారేమో అని వారికి అనుమానం వచ్చింది. పొద్దున ఊరి నుండి పాసుపుస్తకం నకలు తెప్పించి చూపేవరకు లారీ కదలలేదు. ఆదోని చేరేసరికి ఆ దినం వేలం ముగిసింది. మరునాడు ధర క్వింటాలుకు రెండు వందలకు పైగా తగ్గింది.

తిరిగి వచ్చి ఆయన నన్ను కోప్పడలేదు. "సారూ, మీరే చెప్తిరి గదా, ఇంక కాగితాలు యాడివని" అన్నాడు, అంతే. ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది. ఆనాటి నుండి నేను తెలుసుకొన్నవి మీకు చెబుతున్నాను.

ఒకటి. అమ్మేచోటు మన రాష్ట్రంలోనిదే అయినా, లారీ పొరుగు రాష్ట్రం మీదుగా పోతే అది రాష్ట్రం దాటిన రవాణా కిందనే లెక్క. సరుకు పన్ను పరిధిలోనిదై, విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు సంగతి చూసుకోవాలి.

రెండు. సొంత పంట అమ్ముకొనే రైతు జీఎస్టీ నమోదు చేసుకోనక్కరలేదు. కొనేవారు ముందే తెలిసి, వారికి నమోదు ఉంటే, ఈ-వే బిల్లు పుట్టించే బాధ్యత వారిదే. బస్తాలు ఎక్కించకముందే అడిగి తీసుకోండి. కొనేవారు తెలియక మార్కెట్టుకు తోలుకుపోతుంటే, రైతు గాని లారీవారు గాని తమ ఇష్టం మీద ఆ బిల్లు తీసుకోవచ్చును. ఇష్టమే అయినా తీసుకోండనే నా సలహా.

మూడు. అన్ని పంటలకూ ఒకే నిబంధన లేదు. వడ్లు పన్ను లేని జాబితాలో ఉన్నాయి, వాటికి ఈ బిల్లు అక్కరలేదు. శెనక్కాయల్లో విత్తనపు కాయకు ఒక లెక్క, మామూలు కాయకు వేరొక లెక్క. ఎక్కించేది ఏదో చీటీలో స్పష్టంగా రాయండి.

నాలుగు. బిల్లు ఉన్నా లేకపోయినా సొంత చీటీ ఒకటి రాసి పెట్టుకోండి. పేరు, ఊరు, సర్వే నంబరు, బస్తాలెన్ని, తూకమెంత, ఎక్కడికి, ఏ దారిన, లారీ నంబరు - ఇవి చాలు. పాసుపుస్తకం నకలు, ఈ-పంట నమోదు నకలు దానికి జతచేయండి. డ్రైవరుకు ఒక ప్రతి ఇచ్చి, చదివి వినిపించండి. అడిగితే ఇద్దరి నోటా ఒకే మాట రావాలి.

ఐదు. దారిలో లారీ మారితే బిల్లులో నంబరు మార్పించాలి. మామూలు లారీకి 200 కిలోమీటర్ల దూరానికి ఒక దినం గడువు. మొహమాటానికి పోయి ఇతరుల బస్తాలు మీ చీటీ కింద వేసుకోవద్దు. అరవై అని రాసి అరవైఐదు వేస్తే, ఆ ఐదు బస్తాలు అరవైనీ ఆపేస్తాయి.

ఆరు. సరుకు దించినాక రసీదు తీసుకొని, చీటీతో కలిపి దాచండి. రేవులో ఖాతా మూసినట్టే మీ ఖాతా కూడా మూసుకోండి.

ఆ పెద్దాయన ఈ ఏడు మళ్ళీ ఆదోనికి కాయలు వేసినాడు. చీటీ ఇద్దరం కూర్చొని రాసినాము. ఈసారి లారీ ఎక్కడా ఆగలేదు. ఆగి ఉన్నా, చూపించడానికి ఆయన చేతిలో కాగితం ఉంది. ఆరు నెలలు వానకోసం ఆకాశం చూసి పండించిన పంటకు, ఒక పూట కూర్చొని చీటీ రాయడం బరువు కాదు.