ముందు బరువు, వెనుక బరువు



ముప్పదియైదేండ్లు బడిలో శబ్దమంజరియు ఛందస్సును చెప్పిన నాకు మోటారు బండిని గూర్చి మాటాడు నధికార మెక్కడిదని మీకు తోచవచ్చును. ఆ సందేహము నాకును గలదు. కాని 2023వ సంవత్సరము వేసవిలో అమెరికా దేశమున, టెక్సాసు రాష్ట్రములోని డాలసు నగరమునకు చేరువనున్న మా పెద్దబ్బాయి యింట మూడు మాసము లుంటిని. అక్కడ మా తండ్రీకొడుకులకు నడచిన వాదమును, ఎడ్లబండి నెరిగిన మీకు చెప్పిన సులభముగా తెలియును. మీలో ననేకుల బిడ్డలు ఆ దేశమున నున్నవారే గదా!

మావాడు ఊరి వెలుపల కొన్ని ఎకరముల నేల కొని కూరపాదులు పెట్టించి, మేకలను పెంచుచున్నాడు. వానికొక పికప్పు బండి కలదు. ముందు మనుష్యులు కూర్చుండుటకు గది, వెనుక సామాను వేయు తొట్టి. ఈ బండికి వెనుక ట్రైలరు తగిలించి, దానిపై చిన్న ట్రాక్టరు నెక్కించి పొలమునకు లాగుకొనిపోవును. ట్రాక్టరు, ట్రైలరు కలిసి 2700 కిలోలు.

ఆ పికప్పు ఖాళీగా నున్నప్పుడు ముందుభాగము కొంచెము వంగి, వెనుకభాగము కొంచెము లేచి యుండును. అది మావానికి కంటగింపయినది. ముందు స్ప్రింగులపై ఇనుప బిళ్ళలు వేసి రెండంగుళములు ఎత్తించి, మట్టము చేయింపవలెననియు, దానికి తోడు 35 అంగుళముల పెద్ద టైర్లు వేయింపవలెననియు వాని కోరిక. దీనిని వారు లెవెలింగు కిట్టు అందురు. "నాన్నగారూ, అందరును చేయించుచున్నారు, చూచుటకు ఠీవిగా నుండును" అనెను.

నే నడిగితిని: "నాయనా, ఈ బండిని చేసినవారికి మట్టము తెలియదా? వెనుక నెత్తుగా నుంచుటకు కారణ మేదో యుండవలెను గదా?"

ఇట్లడుగుటకు నాకొక పాత గాయము కారణము. నా పదవ యేట మా తండ్రిగారు ధాన్యపు బస్తాలను బండికెత్తుచు, ఎడ్ల మెడలపై భారము తగ్గునను జాలిచేత వెనుకకు జరిపి వేయించిరి. చెరువుగట్టు ఎక్కునప్పుడు నొగ పైకి లేచినది. కాడి లేచి పట్టెడలు ఎడ్ల గొంతుకలకు బిగిసినవి. బండి వెనుకకు వాలి బస్తాలు దొరలినవి. దాపటి యెద్దు మోకాళ్ళపై పడి, ఆ యేడు మరల కాడి క్రిందికి రాలేదు. మా తండ్రిగారు ఆ రాత్రి అన్నము తినలేదు. మరీ ముందుకు వేసినను ఎడ్ల మెడలు పుండ్లుపడును, అది వేరు సంగతి.

మోటారు బండికిని ఇదియే న్యాయము. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్ళు ముందుకొక్కెముపై మోపవలెనని వారి నియమము. తక్కువైనచో ట్రైలరు తోక పాములాగున అటునిటు ఊగును. మావాని 2700 కిలోలకు, నూటికి పన్నెండున్నర చొప్పున, సుమారు 340 కిలోలు. ఆ కొక్కెము వెనుక ఇరుసునకు నాలుగడుగులు వెనుక నున్నది. రెండిరుసుల నడిమి దూరము పండ్రెండడుగులు. నేను పలక దీసి లెక్క వేసితిని. నాలుగింటిని పండ్రెండుచే భాగించిన మూడవ వంతు. అనగా ముందు చక్రములపైనుండి 113 కిలోలు లేచిపోవును, వెనుక ఇరుసుపై 453 పడును. ముందు చక్రములే దారి మరలించునవి, నిలుపుటలో పెద్దపాలు వానిదే. అవి తేలికపడిన బండి మాట వినదు. రాత్రివేళ దీపములు ఎదుటివాని కన్నులలో కొట్టును.

పికప్పు తోక నెత్తుగా నుంచినది ఈ బరువునకే. మరునాడు ఇద్దరము కొలత టేపుతో నిలిచితిమి. చక్రముల పైతొడుగు అంచువరకు ముందు 37 అంగుళములు, వెనుక 39. ట్రైలరు తగిలించిన తరువాత ముందు 38, వెనుక ముప్పదియారున్నర. ఏ బిళ్ళయు వేయకయే ముక్కు ఒకటిన్నర అంగుళము లేచినది. బిళ్ళ వేసియుండిన మూడున్నర అయ్యెడిది. తోకక్రింద గాలితిత్తులు పెట్టి ఎత్తవచ్చును గాని, అవి తోకను లేపునేగాని పోయిన బరువును ముందు చక్రములకు తిరిగి యీయవు. దానికి వేరొక సాధనము కలదు: రెండు స్ప్రింగు కడ్డీలతో బరువును ముందునకు పంచు కొక్కెము. దానిని బిగించి కొలువగా ముందును వెనుకను ముప్పదియేడున్నరయే! వాడు కోరిన మట్టము బిళ్ళ లేకయే వచ్చినది. ముందుభాగమును ఎంతవరకు దింపవలెననునది మాత్రము బండితోడి పుస్తకములో చూచుకొనవలెను, బండికొక తీరు.

ఇక మోయు శక్తి. డ్రైవరు తలుపు తీసినచో ద్వారబంధముపై నొక చీటి యుండును. మనుష్యులు, సామాను కలిసి ఇంతకు మించరాదని దానిపై నచ్చువేసి యుందురు. మావాని బండికి 700 కిలోలు. కొక్కెముపై 340, నలుగురు మనుష్యులు 300. మిగిలినది 60. ఆ కడ్డీల కొక్కెమే 45. ఇంక 15 కిలోలు! మనుమరాలి సంచి, మేకల దాణా ఎక్కడ పెట్టుదురు? మట్టము చేయించినంత మాత్రమున ఈ చీటిలోని యంకె పెరుగదు. మావాడు చాలసేపు ఆ చీటినే చూచుచుండెను.

టైర్ల సంగతి. మన పల్లెలలో రబ్బరు చక్రముల బండిని డన్లపు బండి యని పిలుచుట మీరెరిగినదే. టైరు ప్రక్కన ముద్రించిన యంకెలలో 116 అని యున్న, ఒక్క టైరు 1250 కిలోలు మోయునని యర్థము. 123 అయిన 1550. మావాని పాత టైరు 32 అంగుళములది. 35 వేసినచో చక్రము నూటికి తొమ్మిది పాళ్ళు పెద్దది. ఇంజను లాగు బలము అంతమేరకు తగ్గును. వేగపు ముల్లు 60 చూపుచుండగా బండి 65 దాటి పోవుచుండును. కనుక ఆ కొలతలోనే, భారమునకు తగిన ఈ తరగతి టైర్లు కొనుమంటిని. అవి 80 పౌన్ల గాలివరకు తాళును. అంతయు నింపనక్కరలేదు, బరువును బట్టి పట్టికలో చూచి నింపవలెను. కాని పాత టైరుకు పెట్టిన తక్కువ గాలినే దీనికిని ఉంచినచో ఇది పాతదానికంటె తక్కువ మోయును. ఇది నాకును వింతగా తోచినది.

మేము పోయిన యొక దుకాణమున తళతళలాడు టైర్లు చూపిరి. ప్రక్కన నాలుగంకెలు వెదకితిని: 3218. అనగా 2018వ సంవత్సరపు ముప్పదిరెండవ వారమున పుట్టినది. ఐదేండ్లు అరుగుమీద కూర్చున్న సరకు! మారుమాటాడక వచ్చివేసితిమి.

రెండవ దుకాణమున కొత్తవి దొరకినవి. ఆ శనివారము తెల్లవారుజామున మావాడు గాలి కొలిచి, కడ్డీలు బిగించి, ట్రాక్టరును తాడులతో గాక గొలుసులతో కట్టి, దాణా సంచులను ట్రైలరుపై ఇరుసునకు నేరుగా సర్దెను. మనుమరాలు నన్ను ముందు కూర్చుండుమనెను. దారిలో నెదుటివచ్చు పెద్ద లారీ గాలి కొట్టినప్పుడు ట్రైలరు ఒక్కసారి కదలి, మరల వెంటనే నిలిచినది. మావాడు నావైపు చూడలేదు. నేనును వానివైపు చూడలేదు.