తిరగబడినా లేచే పడవ: తారిణి సంగతి

మధ్యలో హారన్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. మాది కొత్తవలస, ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. ఎన్నిసార్లు ఆపి రికార్డు చేసినా గూడ్సు వస్తూనే ఉంటుంది.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానంటే, మా ఇంట్లో గొడవైంది. మా చెల్లి విశాఖలో డిగ్రీ చదువుతోంది, ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉంది. సెయిలింగ్ క్యాంపుకి పేరిచ్చింది. ఫారం మీద అమ్మ సంతకం కావాలి. అమ్మ ఫారం తీసుకెళ్లి టీవీ మీద పెట్టేసి ఒకే మాట అడిగింది: "పడవ తిరగబడిపోతే ఏటి సేత్తావే?" చెల్లి వెంటనే తారిణి పేరెత్తింది. తారిణి ప్రపంచమంతా చుట్టొచ్చింది, ఏమైనా అయ్యిందా అంది. నేను ఊరుకోకుండా "నువ్వు చెప్పింది సగం తప్పు" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సగం ఏంటో ఇప్పుడు చెబుతాను.

ఐఎన్‌ఎస్‌వీ తారిణి మన నేవీ తెరచాప పడవ. 2017 ఫిబ్రవరిలో నేవీలో చేరింది. అదే ఏడాది సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా ఆఫీసర్లు గోవా నుంచి దానిమీద బయల్దేరారు. కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు: విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. 2018 మే 21న తిరిగి గోవా చేరారు. మొత్తం 254 రోజులు, అందులో సముద్రం మీద 199. తిరిగిన దూరం 21,600 నాటికల్ మైళ్లు, అంటే 40,000 కిలోమీటర్లు.

ఇప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 21,600ని 199తో భాగించండి. రోజుకి 108 మైళ్లు పైచిలుకు వస్తుంది. గంటకి నాలుగున్నర నాట్లు, మన లెక్కలో ఎనిమిది కిలోమీటర్ల చిల్లర. మా వీధిలో పాల సైకిలు ఇంతకంటే స్పీడుగా పోతుంది! నవ్వకండి, ఆ నెమ్మదిలోనే అసలు డిజైన్ ఉంది.

తారిణి పొడవు 17 మీటర్లు, బరువు 23 టన్నుల దాకా. మాస్ట్ 25 మీటర్లు, ఎనిమిదంతస్తుల బిల్డింగంత. నెదర్లాండ్స్ వాళ్ల టోంగా 56 అనే డిజైన్, కట్టింది మాత్రం గోవాలో, అక్వేరియస్ షిప్‌యార్డ్. లోపల చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్, శాండ్‌విచ్ లాగ. దీనికి అక్క ఉంది, మాదేయి. 2016లో మన విశాఖ ఫ్లీట్ రివ్యూకి వచ్చింది కూడా అదే.

దీని పక్కన ఒక రేసు పడవ పెట్టి చూడండి. వాండీ గ్లోబ్ అని ఒంటరిగా ప్రపంచం చుట్టే రేసు ఉంది. అందులో పడవలు 18 మీటర్లు, దాదాపు తారిణి పొడవే. కానీ కార్బన్ ఫైబర్‌తో చేస్తారు, బరువు మూడో వంతు పక్కన ఉంటుంది. 2025లో గెలిచిన షార్లీ దలాఁ 65 రోజుల్లోపే చుట్టేశాడు. మరి నేవీ అలాంటిది ఎందుకు కొనలేదంటారా? తారిణి క్రూజింగ్ పడవ. ఆరుగురు అందులో వండుకోవాలి, పడుకోవాలి, నెలల సామాను మోయాలి, చెడిపోతే వాళ్లే బాగుచేసుకోవాలి. తేలిక పడవ అల మీద గిలక్కాయలా ఎగిరెగిరి పడుతుంది. బరువైనది అలని కోసుకుని పోతుంది, లోపల మనిషి కాస్త నిద్రపోగలడు. నిద్ర లేని మనిషి సముద్రంలో తప్పు చేస్తాడు. అందుకే నా ఓటు బరువుకే.

ఇంకో చిన్న లెక్క. నీళ్లని తోసుకుంటూ పోయే పడవ ముందొక అల, వెనకొక అల పుట్టిస్తుంది. స్పీడు పెరిగేకొద్దీ తను పుట్టించిన అలనే తను ఎక్కలేక ఇరుక్కుంటుంది. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 49 అడుగులు అనుకోండి, మూలం 7, హద్దు 9.4 నాట్లు. అందుకే సముద్రయానం పడవలు పొడవుగా ఉంటాయి.

సరే, అమ్మ ప్రశ్నకి వద్దాం. గాలి తెరచాపని పక్కకి నెడుతుంది. పడవ ఎందుకు పడిపోదు? కింద కీల్ ఉంటుంది, రెక్కలాగ నీళ్లలోకి దిగుతుంది. తారిణి నీటిలో రెండున్నర మీటర్ల లోతుకి ఉంటుంది. ఈ రకం పడవల కీల్‌లో టన్నుల కొద్దీ సీసమో ఇనుమో వేస్తారు. మా స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడితే దీని సంగతి తెలుస్తుంది. కిరండూల్ లైన్ నుంచి ఇనుప రాయి వ్యాగన్లు వస్తాయి, చూస్తే సగం ఖాళీ. మోసం కాదు, సగానికే మోయాల్సిన బరువంతా వచ్చేసింది. కొంచెం చోటులో బోలెడు బరువు, అదీ అడుగున. పడవకి కావాల్సింది అదే. ఎంత వంగితే కీల్ అంత పక్కకి లేస్తుంది, అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. ఎటు తోసినా లేచి కూర్చునే తంజావూరు బొమ్మ లాగే.

కీల్‌కి ఇంకో పని ఉంది. తడి పనసపిక్కని రెండు వేళ్ల మధ్య నొక్కితే ఏమవుతుంది? చర్రున ముందుకి దూకుతుంది. ఒక వేలు గాలి, ఇంకో వేలు కీల్‌ని ఆపే నీరు. పడవ ముందుకే పోవాలి. అందుకే గాలికి కాస్త ఏటవాలుగా, అటూ ఇటూ మళ్లుతూ ఎదురుగాలిలో కూడా వెళ్లగలదు.

న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్స్ దాకా 41 రోజులు, మధ్యలో కేప్ హార్న్. అక్కడ వీళ్లకి గాలి 60 నాట్లు దాటింది. స్పీడు రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు. మామూలు రోజు 15 నాట్లనుకుంటే, 60కి పదహారింతలు! తెరచాపని మడిచి మడిచి చిన్నది చేస్తారు, దాన్ని రీఫింగ్ అంటారు. ముందే చేయాలి. గాలి పెరిగాక చేద్దామనుకుంటే చెయ్యి ఆడదు.

అమ్మా, ఇది కూడా విను. కీల్ ఉంటే చాలని కాదు. 2018లో గోల్డెన్ గ్లోబ్ రేసులో అభిలాష్ టోమీ పడవ దొర్లింది. పడవ లేచింది, మాస్ట్‌లు విరిగిపోయాయి, ఆయన వెన్నెముకకి పెద్ద దెబ్బ. ఫ్రెంచి పడవ వచ్చి కాపాడింది. ఆయనే 2023లో అదే రేసు రెండో స్థానంలో ముగించాడు. తారిణికీ చివర్లో స్టీరింగ్ చెడింది, ప్లాన్‌లో లేని మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ సగం తప్పు. చెల్లి ఎక్కేది తారిణి కాదు. ఎన్‌సీసీలో ఎక్కువగా ఎంటర్‌ప్రైజ్ అనే డింగీ ఉంటుంది. నాలుగు మీటర్లు, ఇద్దరు మనుషులు, పడవ బరువు వంద కిలోల లోపే. సీసం లేదు, పైకి లాగేసే పలక ఉంటుంది అంతే. మనిషే అంచు మీదకి వాలి బరువవ్వాలి. అది తిరగబడుతుంది. నేను ఒక్కసారే డింగీ ఎక్కాను, పది నిమిషాల్లో నీళ్లలో ఉన్నాను, తప్పు నాదే, తాడు వదల్లేదు. కానీ లైఫ్‌జాకెట్ ఉంది, పక్కనే రెస్క్యూ బోటు ఉంది. పలక మీద నిలబడి బరువేస్తే పడవ లేచింది. డింగీ నేర్పేచోట కావాలనే తిరగేసి, లేపడం నేర్పుతారు.

కాబట్టి చెల్లీ, "తిరగబడదు" అని అమ్మకి చెప్పకు. తిరగబడితే ఏం చేస్తావో చెప్పు. అమ్మా, వీడియో చివరిదాకా చూస్తే సంతకం సంగతి ఆలోచిస్తానన్నావు. ఫారం ఇంకా టీవీ మీదే ఉంది, పెన్ను కూడా పక్కనే పెట్టాను.