యాప్ తయారీలో మొదటి పాఠాలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొబైల్ యాప్ ఎట్లా తయారవుతుందో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. అందుచేత దీన్ని కూడా పాఠం చెప్పినట్టే చెబుతాము. విసుగు పుడితే పెద్దలు క్షమించాలి, పిల్లలు మాత్రం చెవి ఒగ్గి వినాలి.

యాప్ అంటే ఫోనులో ఒక పని జరగడానికి రాసిపెట్టిన ప్రోగ్రాము, అంతే. 2008 జూలైలో ఆపిల్ కంపెనీ తన యాప్ స్టోర్ తెరిచిననాడు అందులో ఉన్నవి సుమారు 500 యాప్‌లు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్కెట్ వచ్చింది. 2012లో దాని పేరు గూగుల్ ప్లే అయింది. ఈనాడు డబ్బు పంపాలన్నా, రైలు టిక్కెట్టు కొనాలన్నా యాప్ తెరుస్తున్నాము. వాడేవాళ్ళు ఇంటింటా ఉన్నారు. తయారుచేసేవాళ్ళు కూడా మన ఇళ్ళనుంచి రావాలని మా కోరిక. ఎందుకో చివరన మీకే తెలుస్తుంది.

పాఠానికి ఉదాహరణ కావాలి కనుక ఒక ఇల్లు ఊహించుకుందాం. ఆ ఇంట్లో దాదీమా ఉన్నది. బీపీకి పొద్దున ఒక బిళ్ల, షుగరుకు రెండు పూటలా బిళ్ల వేసుకోవాలి. ఆమెకు ఉర్దూ చదవడం బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. చూపు కొంచెం మందగించింది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు, “దాదీమాకు మందు వేళ గుర్తుచేసే యాప్ చేస్తాను” అన్నది. ఆ పిల్ల ఏం చేయాలి?

చాలామంది వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. మొదట కావలసింది తెల్లకాగితం, పెన్సిలు. ఇది ఎవరికోసం? ఆమె ఏ వేళ చూస్తుంది? అద్దాలు పెట్టుకుని చూస్తుందా, లేకుండానా? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకొని, ఆ తర్వాత కాగితం మీద ఒక్కొక్క తెర గీసుకోవాలి. ఒక తెర మీద ఒక్క పని ఉంటే మేలు. “వేసుకున్నాను” అనే మీట పెద్దదిగా ఉండాలి. వేలితో నొక్కే మీట కనీసం సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ వారి సూచన. బిళ్ల వేసుకున్నదానికి ఆకుపచ్చ, మరచినదానికి ఎరుపు అని రంగుతోనే సరిపెట్టకూడదు. రంగులు తేడా తెలియని కళ్ళు ఉంటాయి. పక్కన మాట కూడా రాయాలి.

ఇక లిపి సంగతి. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. కాని తెర కూడా తిరగబడాలి: వెనక్కి పోయే బాణం, పట్టికలో మొదటి గడి, అన్నీ అద్దంలో చూసినట్టు మారాలి. అంకెలు మాత్రం ఉర్దూ వాక్యంలోనూ ఎడమనుంచి కుడికే నడుస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఈ ఏర్పాటు 2012లో వచ్చిన 4.2 నుంచి ఉన్నది. ప్రోగ్రాములో “ఎడమ, కుడి” అని రాయకుండా “మొదలు, చివర” అని రాస్తే ఫోను భాషనుబట్టి తానే తిప్పుకుంటుంది. నస్తాలీక్ రాతలో అక్షరాలు ఏటవాలుగా కిందికి జారుతూ వస్తాయి కనుక వరుసకూ వరుసకూ నడుమ ఎక్కువ జాగా వదలాలి. తెలుగుకైనా అంతే. ఇంగ్లీషు కొలతతో వరుసలు పేరిస్తే మన ఒత్తులు కింద తెగిపోతాయి.

రెండవది నిర్మాణం. ప్రతి యాప్‌లోనూ మూడు భాగాలుంటాయి: కంటికి కనిపించేది, లెక్క చూసేది, గుర్తు పెట్టుకునేది. మందు పేరు, గంట చూపే తెర మొదటిది. “ఎనిమిది అయింది, గంట కొట్టు” అనే ఆలోచన రెండవది. ఏ రోజు వేసుకున్నదీ రాసిపెట్టుకునే పద్దు మూడవది. ఈ మూడింటినీ కలగాపులగం చేయకుండా విడివిడిగా ఉంచితే రేపు ఒకదాన్ని మార్చినప్పుడు మిగతావి చెడవు.

పనిముట్లకు డబ్బు అక్కరలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం. అందులో వాడే కోట్లిన్ భాషకు 2019నుంచి గూగుల్ వారు పెద్దపీట వేశారు. ఐఫోనుకు స్విఫ్ట్ అనే భాష ఉన్నది, దానితో యాప్ చేయడానికి సాధారణంగా మాక్ కంప్యూటర్ వాడతారు. బడి పిల్లలు తొలి అడుగు వేయడానికి ఆప్ ఇన్వెంటర్ మంచిది. 2010లో గూగుల్‌లో పుట్టి, తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చేరింది. అందులో రంగురంగుల ముక్కలు ఒకదానికొకటి అతికిస్తే ప్రోగ్రాము అవుతుంది.

నిర్మాణంలో ఇంకొక నీతి ఉన్నది. దాదీమా మందుల వివరం ఆమె ఫోనులోనే ఉంటే చాలు, ఇంటర్నెట్‌కు ఎక్కించవలసిన పని లేదు. గంట కొట్టే యాప్‌కు ఆమె ఫొటోలతో, ఫోను నంబర్లతో ఏం పని? అక్కరలేని అనుమతి అడగడం, పిలవని ఇంట్లో గదులన్నీ తెరిచి చూసినట్టే.

మూడవది పరీక్ష. మేము పరీక్షలు పెట్టేవాళ్ళం గనుక దీన్ని గట్టిగా చెబుతాము. తన ఫోనులో గంట మోగింది కాబట్టి పని అయిపోయిందని మనవరాలు అనుకోవచ్చు. ఫోను ఆపి మళ్ళీ వేసి చూడాలి: ఆండ్రాయిడ్‌లో యాప్ పెట్టిన అలారాలు అప్పుడు చెరిగిపోతాయి, వాటిని తిరిగి పెట్టే ఏర్పాటు ప్రోగ్రాములో ఉండాలి. ఫోను రాత్రంతా కదలకుండా పడి ఉంటే? 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలు, బ్యాటరీ ఆదా కోసం మామూలు అలారాలు వాయిదా పడతాయి. దానికి వేరే పద్ధతి వాడాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపడానికి ముందుగా అనుమతి అడగాలి. దాదీమా తెలియక “వద్దు” అని నొక్కితే తెర మీద సూచన కనిపించదు, బిళ్ల తప్పుతుంది. ఆటల యాప్‌లో పొరపాటు జరిగితే ఆట పోతుంది, ఇక్కడ ఆరోగ్యం పోతుంది.

పెద్ద కంపెనీలకైనా పరీక్షలో అన్ని భాషలూ గుర్తుండవు. 2018 ఫిబ్రవరిలో, మన తెలుగు “జ్ఞా” అక్షరాన్ని ఒక విధంగా కూర్చి పంపితే, ఐఫోన్లలో దాన్ని చూపబోయిన యాప్‌లు మూతబడిపోయాయి. ఆ నెలలోనే ఆపిల్ వారు 11.2.6 విడుదల చేసి సరిచేశారు. మన అక్షరం మన చేతుల్లోనే ముందుగా పరీక్షకు రావాలి. మన ఇళ్ళనుంచి తయారీదారులు రావాలని మొదట అన్నది ఇందుకే.

యంత్రం పరీక్ష అయ్యాక మనిషి పరీక్ష. ఫోను దాదీమా చేతికిచ్చి, “రాత్రి బిళ్ల వేసుకున్నట్టు ఇందులో గుర్తు పెట్టు” అని చెప్పి, నోరు మూసుకుని కూర్చోవాలి. “అక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు” అనకూడదు. ఆమె వేలు ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. ఆమె తడబడితే ఆమెను విసుక్కోకండి. దిద్దవలసింది ఆ తెరను. యాకోబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసినదాని ప్రకారం, ఇట్లా అయిదుగురితో చూస్తే చాలు, లోపాలలో చాలాభాగం బయటపడతాయి. దిద్దుకుని మళ్ళీ చూడాలి.

చివరగా ఒక మనవి. 2023 నవంబరు తరువాత వ్యక్తిగత ఖాతా తెరిచినవారు గూగుల్ ప్లేలో యాప్ అందరికీ విడుదల చేయాలంటే, ముందు 12 మంది దాన్ని వరుసగా 14 రోజులు పరీక్షా రూపంలో ఉంచుకోవాలి. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో తగ్గించారు. ఖాతాకు 25 డాలర్లు ఒకసారి కడితే సరిపోతుంది. రుసుము ఎట్లాగో పోగుచేసుకోవచ్చు, ఆ 12 మందిని పిల్ల ఒక్కతే ఎక్కడ తెచ్చుకుంటుంది? ఈ హాలులో వారికి కొదవ లేదు. మన పిల్లల్లో ఎవరైనా యాప్ చేసి తెస్తే, “చదువు మానుకుని ఇదేం పని” అనకుండా, 14 రోజులు మీ ఫోనులో ఉంచండి. ఎక్కడ అర్థం కాలేదో మొహమాటం లేకుండా చెప్పండి. మీరు అర్థం కాలేదన్న చోటే వాళ్ళ తర్వాతి పాఠం మొదలవుతుంది.